అడవి, వాగు, పాత గోడలు: తిరుపతి నుంచి ఒక్క రోజు నడకకి ఎటు పోదాం?

దీపావళి దాటి రెండు మంచి వానలు పడ్డాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరులో ఉండే పెద్దమ్మ కొడుకు, హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చే స్నేహితులు, ఊళ్ళోనే ఉండి ఎప్పుడూ కొండవైపు పోని పక్కింటివాళ్ళు, అందరిదీ ఇంచుమించు ఒకటే ప్రశ్న. "అన్నా, ఆదివారం అడవిలో నడవాలి, పక్కన వాగు పారుతుండాలి, మధ్యలో పాత కోటో పడిపోయిన మండపమో ఏదైనా కనబడాలి, చీకటి పడేలోగా ఇంటికి చేరాలి, ఎటు పోదాం?"

అడవి, వాగు, పాత కట్టడం, ఈ మూడూ ఒకే దారిలో నిండుగా దొరకడం మన దగ్గర కష్టం. రెండు బాగా దొరుకుతాయి, మూడోది కొంచెం దొరుకుతుంది. అందుకే ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఈ మూడింట్లో దేన్ని వదులుకోగలరు? దానికి జవాబు దొరికితే చోటు దానంతటదే తేలిపోతుంది. అది తేల్చుకోకుండా ఇన్‌స్టాలో ఫోటో చూసి బయలుదేరినవాళ్ళే ఏప్రిల్లో ఎండిన బండల మధ్య నిలబడి "నీళ్ళేవీ?" అని ఫోన్ చేస్తారు.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది నెల. మన వాగుల్ని ఎక్కువగా నింపేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన. అందుకని నవంబరు చివర నుంచి జనవరి దాకా వాగు పక్కన నడక బాగుంటుంది. ఫిబ్రవరికి ధార సన్నబడుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి చాలాచోట్ల మడుగులే మిగులుతాయి. మరీ వాన పడుతున్న రోజుల్లో, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు వాగు జోలికి అసలు పోకూడదు. 2021 నవంబరులో పడ్డ వానకి తిరుమలకి నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయింది, మళ్ళీ బాగుచేసి తెరిచేసరికి 2022 మే వచ్చింది. మెట్లూ పైకప్పూ ఉన్న దారికే అలా అయితే వట్టి వాగు సంగతి ఆలోచించండి.

రెండోది అనుమతి. మన చుట్టూ ఉన్న కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, దాని మీద శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్సు వాళ్ళు ఎప్పుడూ తిరుగుతుంటారు. సంచి భుజాన వేసుకుని దారి కాని దారిలో కనబడితే మీరు ట్రెక్కింగ్‌కి వచ్చారో మరెందుకొచ్చారో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? కింద పడి ఉన్న ఎర్రచందనం పేడు కూడా జ్ఞాపకంగా ఉంటుందని జేబులో వేసుకోవద్దు, కేసు అవుతుంది. నా పద్ధతి ఒక్కటే: గేటు, టికెట్టు, రాకపోకల సమయం ఉన్న చోటికే పోతాను. లేకపోతే ముందుగా అటవీశాఖ ఆఫీసులో అడుగుతాను.

మూడోది జంతువులు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక చిన్నపాపని ఎత్తుకుపోయి చంపేసింది. 2025 శివరాత్రి ముందు శేషాచలం అడవిలో గుండాలకోన శివుడి గుడికి పోయే దారిలో ఏనుగులు భక్తుల మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. రెండూ జనం ఏళ్ళ తరబడి నడిచిన దారులే. కాబట్టి గుంపుగా నడవండి, పిల్లల్ని మధ్యలో ఉంచండి, సాయంత్రం నాలుగు దాటాక అడవిలో ఉండకండి.

ఇక మోకాళ్ళ సంగతి, తిరిగొచ్చే బండి సంగతి మనవాళ్ళు ఆఖర్న ఆలోచిస్తారు. ఆ రెండూ కూడా బయలుదేరేముందే చూసుకోవాలి.

చంద్రగిరి కోట: పాత గోడలే ముఖ్యం అనుకునేవాళ్ళకి

తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. కోట మొదట కట్టింది యాదవరాయలు, సుమారు వెయ్యో సంవత్సరంలో అని చెబుతారు. తర్వాత విజయనగరం చేతికి వచ్చింది. సాళువ నరసింహరాయల కాలంలో పేరుకెక్కింది. గోల్కొండ వాళ్ళు పెనుకొండ మీద పడ్డాక రాజధాని ఇక్కడికే మారింది. 1639లో మద్రాసు తీరంలో ఇంగ్లీషు కంపెనీకి స్థలమిచ్చిన పత్రం ఈ రాజమహల్‌లోనే రాసిచ్చారని చెబుతారు. చెన్నపట్నం కథ ఈ గోడల మధ్య మొదలైందన్నమాట, మన పిల్లలకి ఈ ముక్క చెప్పి తీరాలి. 1646లో కోట గోల్కొండకి పోయింది, ఆ తర్వాత మైసూరుకి, 1792 నుంచి దాని ఊసెత్తినవాళ్ళు లేరు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, కారు ఆపి రాజమహల్ మ్యూజియం చూసి, పచ్చికలో ఫోటో దిగి గంటలో వెళ్ళిపోతారు. కోట అంటే అది కాదు. ఊళ్ళోంచి కోట ద్వారం దాటగానే బండి పక్కన పెట్టి నడవండి. బయటి గోడని చేత్తో తాకి చూడండి. మనిషెత్తు రాళ్ళు కూడా ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి ఎంత దగ్గరగా కూర్చోబెట్టారంటే చాలాచోట్ల సందులో బీడాకు కూడా దూరదు. గోడ పొడవునా కలబంద, జిల్లేడు, రాళ్ళ మధ్యనుంచి మొలిచిన రావిమొక్కలు. లోపల శైవ, వైష్ణవ గుళ్ళు పాడుపడినవి ఎనిమిది దాకా ఉన్నాయి. కొన్నింట్లో గర్భగుడి ఖాళీ, చూరుకి గబ్బిలాలు. ఎవరూ లేని మండపంలో స్తంభం మీద చిన్న హనుమంతుడు ఎండపొడకి పైకి తేలినట్టు కనబడతాడు, అదే స్తంభం మధ్యాహ్నం చూస్తే వట్టి రాయి. అందుకే పొద్దున్నే వెళ్ళమంటాను.

రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప అంతస్తుల్లో ఎక్కడా కర్ర దూలం వాడలేదు. మా పెద్దమ్మని తీసుకెళ్ళినప్పుడు ఆవిడ శిల్పాలు చూడకుండా లోపలి గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "మన పాతింటి గచ్చు ఇట్లే చల్లగా ఉండేది గదరా" అంది. గానుగ సున్నం పని తెలిసినవాళ్ళకి ఆ గోడ అంత నచ్చుతుంది. పక్కన రాణీమహల్ అని పేరున్న కట్టడం కింది భాగం చూస్తే గుర్రాల సాలలా ఉంటుంది. పేరు చూసి మోసపోకుండా మీరే తేల్చుకోండి.

మరి అడవీ వాగూ? కోట వెనక కొండ సుమారు 180 మీటర్లు, బండలూ ముళ్ళచెట్లూ ఉన్న కొండే గానీ దట్టమైన అడవి కాదు. స్వర్ణముఖి నది ఊరి పక్కనే పోతుంది గానీ కోట నడకలో అది మీ పక్కన ఉండదు, వాన బాగా పడ్డ ఏడాది కోట దగ్గరి చెరువులో నీళ్ళు చూడొచ్చు, అంతే. కొండపైకి ఎక్కాలనుకుంటే ముందు అక్కడి కాపలావాళ్ళని అడగండి, వద్దంటే వద్దే. పైన పడిపోయిన గోడల దగ్గర రాళ్ళు కదులుతుంటాయి. మ్యూజియంకి శుక్రవారం సెలవు, ఇది మర్చిపోయి వచ్చి గేటు చూసి వెనుదిరిగినవాళ్ళు చాలామంది.

శ్రీవారి మెట్టు: తక్కువ సేపట్లో అడవి కావాలంటే

శ్రీనివాస మంగాపురం దాటి లోపలికి పోతే వస్తుంది. 2.1 కి.మీ., దాదాపు 2,400 మెట్లు. పెళ్ళయ్యాక స్వామి పద్మావతమ్మతో మంగాపురంలో ఆరు నెలలుండి ఈ దారినే కొండెక్కాడని మన నమ్మకం. చంద్రగిరి నుంచి రాజులు దర్శనానికి ఈ దారినే వెళ్ళేవాళ్ళని కూడా చెబుతారు. కోట చూసిన మర్నాడు ఈ మెట్లెక్కితే, పల్లకీలు మోసినవాళ్ళ భుజాలు ఎంత నొప్పెట్టి ఉంటాయో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

దారి నిటారుగా ఉంటుంది. దూరం తక్కువ కదా అని అలిపిరి కంటే సులువు అనుకోవద్దు, చదునైన చోటు తక్కువ, ఊపిరి తీసుకోవడానికి మీరే ఆగాలి. కానీ రెండు పక్కలా అడవి దగ్గరగా ఉంటుంది, వానాకాలం తర్వాత వాగు చప్పుడు కింద లోయలోంచి వినబడుతూ కొంతదూరం వెంట వస్తుంది. ఉదయం ఆరుకి తెరుస్తారు, సాయంత్రం ఆరుకి మూసేస్తారు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి గంటన్నర, రెండు గంటలు.

పాత కట్టడాల విషయంలో దారిలో పెద్దగా ఏమీ లేదు. ఆ లోటు కింద మంగాపురం కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడి తీరుస్తుంది. పాడుపడిన ఆ గుడిని తాళ్ళపాక చినతిరుమలాచార్యులు బాగుచేయించి పూజలు మళ్ళీ మొదలుపెట్టించిన సంగతి 1540 నాటి శాసనంలో ఉంది.

ఇక్కడొక చిక్కు. బండి కింద పెట్టి ఎక్కితే దాని కోసం మళ్ళీ ఇదే దారిన దిగాలి, లేదా తిరుమల నుంచి బస్సులో తిరుపతి చేరి అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికి రావాలి. నిటారు మెట్లు ఎక్కేటప్పుడు ఊపిరి అడుగుతాయి, దిగేటప్పుడు మోకాళ్ళు అడుగుతాయి. అందుకని ఆటోలోనో బస్సులోనో రండి. దర్శనం టోకెన్ల పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి బయలుదేరే రోజు టీటీడీ ప్రకటన చూసుకోండి.

అలిపిరి: మొదటిసారి నడిచేవాళ్ళకి

సుమారు 9 కి.మీ., 3,550 మెట్లు. పాదాల మండపం, గోపురాలు, మట్లి అనంతరాజు కట్టించాడని చెప్పే గాలిగోపురం, మోకాళ్ళ పర్వతం, అన్నీ ఈ దారిలోనే. అన్నమయ్య చిన్నతనంలో చెప్పులతో ఎక్కబోయి సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ కనబడిందని చెప్పే చోటు మోకాళ్ళ పర్వతమే. పాత కట్టడాలు లెక్కకి ఎక్కువే, కానీ అవి శిథిలాలు కావు, దీపం వెలుగుతున్నవి. గాలిగోపురం దాకా కష్టం, ఆపైన చాలా దూరం చదును, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారు.

అడవిని మాత్రం కప్పు కింద నుంచి చూస్తారు. తోడు జనం, అంగళ్ళు, మైకులు. వాగు లేదనే అనుకోండి. అవ్వాచారి కోన దగ్గర ఆగి లోయలోకి చూడండి, అడవి ఎంత లోతుగా ఉందో అప్పుడు తెలుస్తుంది. చిరుత సంఘటన తర్వాత చిన్నపిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత వదలకూడదని నియమం పెట్టారు. పిల్లలుంటే తెల్లారగానే మొదలుపెట్టండి.

తలకోన: వాగూ అడవీ చాలు అనుకునేవాళ్ళకి

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట ఘాటు, నెరబైలు మీదుగా అరవై కిలోమీటర్ల దాకా. శేషాచలం కొండలకి తల లాంటి చోటు కాబట్టి తలకోన అంటారు. నీళ్ళు పైనుంచి 270 అడుగులు పడతాయి, వేసవిలో కూడా సన్నగానైనా ధార ఉండడం ఈ చోటు గొప్పతనం. నా మట్టుకు నాకు జలపాతం కంటే దాని దాకా నడిచే దారే ఇష్టం.

ఆ దారిలో ఎర్రచందనం చెట్టు దగ్గర ఒక నిమిషం ఆగండి. బెరడు నల్లగా, ముసలి మొసలి వీపులా చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. కింద వెతికితే ఎండిన కాయ దొరుకుతుంది, మధ్యలో గింజ ఉబ్బి చుట్టూ పల్చటి రెక్క, రూపాయి బిళ్ళ కంటే పెద్దది. చూసి అక్కడే వదిలేయండి. ఈ చెట్టు సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, ఆ మాటకొస్తే మన ఇంటి వెనక కొండల్లోనే. ఇంకొంచెం లోపలికి పోతే మనిషి నడుమంత లావుగా గిల్లతీగలు చెట్టు నుంచి చెట్టుకి పాకి ఉంటాయి, పిల్లలు తీగ అంటే నమ్మరు, చెట్టే అడ్డంగా పెరిగిందనుకుంటారు. చెట్ల మీదుగా కట్టిన తాళ్ళ వంతెన తెరిచి ఉంటే అది కూడా నడవండి.

పాతదనం ఇక్కడ తక్కువ. సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, పూజలు జరిగే గుడే. కోట గోడలు, పడిపోయిన మండపాలు కావాలంటే ఇక్కడ నిరాశే. శివరాత్రికి, జనవరి ఆదివారాలకి జనం విపరీతం. మామూలు వారం మధ్యలో వస్తే నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేదీ వినబడదు. ఏనుగులు తిరిగే ప్రాంతం కాబట్టి గేటు దగ్గర వాచర్ చెప్పిన హద్దు దాటొద్దు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నాగలాపురం కొండ వాగు: ఈత వచ్చిన, ఒళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి మాత్రమే

వాగు పక్కన కాదు, వాగులోనే నడిచే దారి ఇది. చిన్న డ్యామ్ దాటి, బండల మీదుగా ఎగబాకుతూ మడుగు తర్వాత మడుగు. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే లోతు తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. నడుంలోతు అనుకుని దూకినచోట రెండు తాటిచెట్ల లోతు ఉండొచ్చు, బండ కింద గుహలాగా తొలిచి ఉండొచ్చు. ఏటా ఎవరో ఒకరి ఇంట్లో దీపం ఆరిపోతూనే ఉంది, అందులో ఎక్కువమంది చదువుకునే కుర్రాళ్ళు. అటవీశాఖ వాళ్ళు అప్పుడప్పుడూ రానివ్వడం ఆపేస్తారు. ఆపితే దొంగదారి చూపిస్తామనేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ వెంట పోవద్దు.

ఆరేళ్ళ కిందట నేనే ఇక్కడ జారాను. బండ ఎండిపోయినట్టే ఉంది, బూడిదరంగులో. దాని మీద పల్చటి నల్ల చార ఒకటి పైనుంచి కిందికి ఉంది, నేను గమనించలేదు. అది ఎండిన నాచు. తడి కాలితో దాని మీద అడుగేసేసరికి రెండు గజాలు జారి మోచెయ్యి మీద పడ్డాను. ఎముక విరగలేదు గానీ తిరిగి నడిచిన మూడు గంటలూ ఒంటి చేత్తోనే బండలు పట్టుకున్నాను. అప్పటినుంచి నల్ల చార కనబడితే చెయ్యి పెట్టి చూడకుండా కాలు పెట్టను. తెల్లగా, గరుకుగా ఉన్న రాయే నమ్మకమైనది.

ఇంకో మాట ఒక వాచర్ దగ్గర నేర్చుకున్నది. మీ నెత్తిన ఎండ కాస్తుండొచ్చు, పైన కొండల్లో వాన పడుతుండొచ్చు. తేటనీళ్ళు టీ రంగుకి మారినా, ఎండుటాకులు గుంపుగా కొట్టుకొస్తున్నా, చప్పుడు ఒక్కసారి బరువెక్కినా ఆయన అన్నట్టే, "ఇంక ఆలోచించొద్దు సామీ, గట్టెక్కేయండి." బ్యాగు అవతలి గట్టున ఉందని వెనక్కి పోవద్దు.

పాత కట్టడం మాటకొస్తే ఊళ్ళోనే వేదనారాయణస్వామి గుడి ఉంది. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాంబ పేరున ఊరు వెలసిందని చెబుతారు. స్వామిది మత్స్యావతారం. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ గోపురం దాటి లోపలికి వచ్చి, మొదటి రోజు పాదాలు, తర్వాత నడుము, ఆఖరి రోజు శిరస్సు తాకుతుంది. ఇంట్లో కొందరికి వాగు సరిపడకపోతే వాళ్ళని గుడి దగ్గర ఉంచి మిగతావాళ్ళు పోవచ్చు. మార్చికి వాగు తగ్గిపోతుంది కాబట్టి రెండూ ఒకే రోజు కుదరవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

తుంబురు తీర్థం: ఏడాదికి ఒక్కసారి

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి, అంటే భక్తులు ఆ తీర్థానికి నడిచిపోయి స్నానం చేసే పండుగ రోజు. తిరుమలలో పాపవినాశనం నుంచి ఆరేడు కిలోమీటర్లు అడవిలో నడక, చివర్లో రెండు కొండల మధ్య చీలికలోంచి వాగు వెంట లోపలికి. రెండు పక్కలా రాతిగోడ తలెత్తితే గానీ కొస కనబడదు, అడుగున నీళ్ళు చలికి కాళ్ళు కొంకర్లు పోయేంత. స్వామి భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబ ఏళ్ళ తరబడి తపస్సు చేసిన గుహ ఈ కోనలోనే ఉంది. తిరుమల గుళ్ళో ఆమె పేరున ఇప్పటికీ ఇచ్చే హారతి చూసినవాళ్ళు ఈ కోనలో నిలబడితే, ఒంటరి ఆడమనిషి ఇక్కడ ఎలా ఉండిందా అని అడుగు కదలదు.

మనిషి కట్టిన గోడలు లేవు గానీ జ్ఞాపకం అన్నింటికంటే బరువైనది. ఆ రోజున టీటీడీ వాళ్ళు దారిలో నీళ్ళు, అన్నం పెడతారు, సిబ్బంది ఉంటారు. గుండెజబ్బు, బీపీ, ఉబ్బసం, ఒంటి బరువు ఎక్కువ ఉన్నవాళ్ళని, చిన్నపిల్లల్ని రావద్దంటారు, ఆ మాట వినండి. మిగతా రోజుల్లో పోవడానికి లేదు. ఇలాంటివే కుమారధార ముక్కోటి మాఘ పౌర్ణమికి వస్తుంది, రామకృష్ణ తీర్థం దానికి ముందు నెలలో.

కుక్కలదొడ్డి వైపు నుంచి తిరుమలకి ఉన్న అన్నమయ్య కాలిబాట గురించి కూడా అడుగుతారు. పాత మండపాలున్న దారి, నాకూ నడవాలని ఎంతో ఉంది. అది రిజర్వు అడవి లోపల, అనుమతి లేకుండా పోయే దారి కాదు. అందుకే ఈ పోలికలో చేర్చలేదు.

ఒక్కచోట చూసుకోవడానికి

| చోటు | అడవి | వాగు | పాతదనం | కష్టం | మంచి నెలలు |
|---|---|---|---|---|---|
| చంద్రగిరి కోట | తక్కువ | లేదు | చాలా ఎక్కువ | తక్కువ | నవంబరు–ఫిబ్రవరి |
| శ్రీవారి మెట్టు | బాగుంటుంది | చప్పుడు వినబడుతుంది | కింద మంగాపురం గుడి | ఎక్కువ, కానీ కొద్దిసేపే | నవంబరు–మార్చి |
| అలిపిరి | ఓ మాదిరి | లేదు | ఎక్కువ, వాడుకలో ఉన్నవి | మధ్యస్థం, దూరం ఎక్కువ | ఏడాదంతా, వేసవిలో తెల్లవారుజామున |
| తలకోన | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | తక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | నవంబరు–ఫిబ్రవరి |
| నాగలాపురం వాగు | బాగుంటుంది | వాగే దారి | ఊళ్ళో గుడి | చాలా ఎక్కువ, ప్రమాదం | డిసెంబరు–ఫిబ్రవరి, అనుమతి ఉంటేనే |
| తుంబురు తీర్థం | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | గుహ, కథ | ఎక్కువ | ఫాల్గుణ పౌర్ణమి |

ఎవరికి ఏది

అమ్మానాన్నలు వెంట ఉంటే చంద్రగిరి, మంగాపురం. రెండూ కలిపి మధ్యాహ్నానికి అయిపోతాయి, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. వాళ్ళకి నీళ్ళు కూడా చూపించాలంటే నారాయణవనం దగ్గర కైలాసకోన ఉంది, బండి దిగి పెద్దగా నడవకుండానే జలపాతం కింద నిలబడొచ్చు.

ఎనిమిది నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలుంటే తలకోన, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కోటలో పిల్లలు అరగంటకి విసుగుపడతారు, తలకోనలో సాయంత్రం రమ్మన్నా రారు. చరిత్ర అంటే ఇష్టమున్న పిల్లాడైతే మాత్రం కోటకి తీసుకెళ్ళండి, మద్రాసు పత్రం కథ రాజమహల్ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పండి.

ఆఫీసు, టెన్షన్, కూర్చుని కూర్చుని నడుం పట్టేసినవాళ్ళు శ్రీవారి మెట్టుతో మొదలుపెట్టండి. రెండు గంటల్లో ఒంట్లో ఏముందో ఏం లేదో తెలిసిపోతుంది. అది ఇబ్బంది లేకుండా ఎక్కగలిగితేనే తుంబురు తీర్థం ఆలోచన చేయండి.

కాలేజీ కుర్రాళ్ళు ఎంత చెప్పినా నాగలాపురమే అంటారు. వెళ్ళేటట్టయితే అనుమతి ఉన్న రోజే వెళ్ళండి, ఈత వచ్చినవాళ్ళు కనీసం సగంమంది ఉండాలి, తాడు ఉండాలి, మందు ఉండకూడదు, మడుగులోకి పైనుంచి దూకడం ఉండకూడదు. ఈ నాలుగింట్లో ఒక్కటి కుదరకపోయినా తలకోనకి మార్చుకోండి, నీళ్ళు అక్కడా ఉన్నాయి.

నిజంగా మూడూ కావాలి, ఒక్కటీ వదలను అనేవాళ్ళు రెండు రోజులు పెట్టుకోండి. నిరుడు డిసెంబరులో మా పెద్దమ్మ కొడుక్కి వేసిచ్చిన లెక్క ఇది. శనివారం ఏడుకల్లా చంద్రగిరి చేరి, ఎండ ముదరకముందే బయటి గోడ వెంట, పాడుపడిన గుళ్ళ మధ్య నడక. మ్యూజియం తెరిచాక రాజమహల్. మధ్యాహ్నం భోంచేసి మంగాపురం గుడి, సాయంత్రం విశ్రాంతి. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకి తలకోనకి బయలుదేరితే ఘాటు రోడ్డు మీద పొద్దుపొడుపు కనబడుతుంది. పులిహోర, పెరుగన్నం, తాగే నీళ్ళు స్టీలు సీసాల్లో ఇంటినుంచే. చెప్పుల బదులు అడుగు గరుకుగా ఉన్న బూట్లు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, గాయానికి కట్టుగుడ్డ, ఖాళీ కవర్లు తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి. రెండుకల్లా జలపాతం దగ్గర్నుంచి వెనక్కి తిరగాలి, మూడున్నరకి గేటు బయట ఉండాలి. సొంత బండి లేకపోతే తిరిగొచ్చే జీపునో ఆటోనో పొద్దున దిగేటప్పుడే మాట్లాడుకుని, డ్రైవర్ నంబరు కాగితం మీద రాసుకోండి. సాయంత్రం అక్కడ బస్సు కోసం నిలబడితే చీకటి పడిపోతుంది.